మేకు లేని రుమాలు

మా ఆయన జేబులో రుమాలు పెట్టుకోవడం మానేశాడు. చెమట పడితే చొక్కా చేతికే తుడుచుకుంటాడు. ఆ మరకలు ఉతికేది నేనే కాబట్టి, ఇంకో సంగతైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఈ ఒక్కదాని జోలికి మాత్రం పోను.

ఆయన పని రేడియేటర్లు బాగుచెయ్యడం. డ్రైవర్లంతా నీళ్ళ డాక్టరు అంటారు. మా ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన బల్ల, నీళ్ళ పైపు, ఇంజన్లు ఎత్తే గొలుసు కనిపిస్తాయి. ఇంజన్ మార్చాల్సిన బండి వస్తే ఈయన కొత్త ఇంజన్ వంకైనా చూడడు. ముందు పాత రేడియేటర్ విప్పుతాడు. కింది మూతికి పైపు తగిలించి నీళ్ళు ఎదురెక్కిస్తాడు. పైమూతిలోంచి తుప్పు, జిడ్డు, ఇనప రజను కక్కుకుంటూ వస్తాయి. నీళ్ళు తేటపడేదాకా అక్కణ్ణించి కదలడు. అన్నం చల్లారిపోతోందని నేను కేకేస్తే, "పాత ఇంజన్ చచ్చింది. దాని విషమంతా దీని కడుపులోనే ఉంది. కడక్కుండా కొత్తదానికి తగిలించమంటావా?" అంటాడు. ఆ ఇనప కడుపు మీదున్న శ్రద్ధ సొంత కడుపు మీద ఉంటే ఈపాటికి కాస్త ఒళ్ళు చేసేవాడు.

కడిగాక పైమూతిలో దుమ్మో నట్టో పడకుండా గుడ్డ కుక్కుతాడు. మా పాత ఎర్ర దుప్పటి ముక్కలు ముక్కలై ఆ పనికే పోయింది. ప్రతి గుడ్డకీ జానెడు తోక బయటికి వేలాడాలి. పని అయ్యాక గుడ్డలన్నీ గోడమీది మేకులకి తిరిగి చేరాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా బండి గేటు దాటదు. లోపల గుడ్డ ఉండిపోతే నీళ్ళు తిరగవు, ఇంజన్ ఉడికిపోతుంది. "గుడ్డలకి హాజరు వేస్తున్నారా?" అని నేను ఏడిపించేదాన్ని. నవ్వకుండా మేకులన్నీ మళ్ళీ చూసుకునేవాడు.

కింది మూతికి మాత్రం ఎప్పుడూ గుడ్డ పెట్టడు. అందులో పడేదేముంది అనేవాడు.

మా ఆడపడుచు టాక్సీ నడుపుతుంది. ఈయన వీపు మీద మోసి పెంచిన చెల్లెలు. దాని మీద ఈగ వాలనివ్వడు. దాని బండి ఇంజన్ పోయి, వేరే ఇంజన్ తెచ్చుకున్నప్పుడు ఈయన రేడియేటర్‌ని పసిపిల్లకి స్నానం చేయించినట్టు కడిగాడు. ఇంజన్ దించేటప్పుడు రేకులు వంగకుండా అట్టముక్క అడ్డం కట్టాడు. ఎర్రగుడ్డ పైమూతిలో కుక్కాడు. అంతటితో ఆగినా బాగుండేది.

బిగింపులు అవుతుండగానే ఆడపడుచు గోల మొదలెట్టింది. కొండమీది ఊరికి ఒక పెద్దావిడని తీసుకెళ్ళాలి, ఆవిడ అప్పటికే బయల్దేరి మెట్ల మీద కూర్చుందట.

"వేడెక్కేదాకా ఇక్కడే తిప్పి చూద్దాం, ఆగవే" అన్నాడీయన.

"నీ చెయ్యి పడ్డాక ఇంకేం చూసేది అన్నయ్యా? ఆవిడ నా ప్రాణం తీస్తోంది."

ఆయన నీళ్ళు పోశాడు. డబ్బాలో ఎప్పటికన్నా ఎక్కువ మిగిలిపోయాయి. డబ్బా వంక చూసి, ఇంజన్ వంక చూసి, "తక్కువ తాగిందే" అని గొణిగాడు. "లోపల గాలి చిక్కినట్టుంది. దారిలో ఆగి రేడియేటర్ మూత తీసి నీళ్ళు చూసుకో."

వేడి మీద మూత తియ్యొద్దు, మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి అని ప్రతి డ్రైవర్‌కీ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతాడు. ఆ మాట అనేలోపు ఆమె గేటు దాటేసింది. గోడమీద మేకులన్నీ నిండుగా ఉన్నాయి. ఆయన గుమ్మంలో నిలబడి రోడ్డు వంకే చూస్తున్నాడు. నాకెందుకో మనసు కీడు శంకించింది. పైకి మాత్రం, "చెల్లెల్ని అత్తారింటికి పంపినట్టు ఆ చూపేమిటి, అన్నానికి రండి" అన్నాను.

చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. మొహం తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాడు. రెండో జేబులో పెట్టాడు. చొక్కా జేబు తడుముకున్నాడు. "ఉతికిన రుమాలు ఇవ్వనా?" అని నేను లేవబోయాను. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"కింది మూతిలో పెట్టాను" అన్నాడు.

"ఏంటి?"

"నా రుమాలు. చెల్లెలి బండి కదా, ఇంకాస్త జాగ్రత్తగా ఉందామని పెట్టాను. తోక వదల్లేదు. అలాగే పైపు బిగించేశాను."

జిడ్డుకి నల్లబడిన రుమాలు చీకటి మూతిలో ఎవరి కంటికి ఆనుతుంది? దానికి మేకూ లేదు, ఖాళీ మేకుని చూసి ఆగడానికి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఉడుకుతుంది. ఆడపడుచు బండి ఆపుతుంది. అన్నయ్య చెప్పాడు కదా అని మూత మీద చెయ్యి వేస్తుంది. ఇంజన్ పోతే పోనీ, ఆ చెయ్యి మూత మీద పడకుండా ఉంటే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఫోన్ చేస్తే అందుబాటులో లేదంటుంది. చేసిందే చేస్తున్నాను.

కంచం ముందునుంచి లేచి స్కూటర్ తీశాడు. నేను వెనక ఎక్కాను. దారంతా "తియ్యకే తల్లీ, తియ్యకే" అని తనలో తనే అంటున్నాడు. కొండ ఎక్కుతుంటే ఎదురొచ్చే ప్రతి బండిలోకీ తొంగి చూశాను. ఒక మలుపు దగ్గర రోడ్డు మీద నీటి చారలు మొదలయ్యాయి. ఆయన స్కూటర్ వేగం పెంచాడు.

మలుపు తిరగ్గానే టాక్సీ. బానెట్ లేచి ఉంది. పొగా ఆవిరీ ఏమీ లేవు, అన్నీ అయిపోయినట్టున్నాయి. రోడ్డు పక్క రాయి మీద ఆడపడుచు కూర్చుని ఉంది. పెద్దావిడ తన తాగేనీళ్ళ సీసా ఆమె తలమీద మెల్లగా వంచుతోంది. కుడి చెయ్యి, మెడ, చెంప ఎర్రగా పొంగిపోయాయి. కళ్ళు రెండూ మూసుకుపోయాయి.

ఆయన స్కూటర్‌కి స్టాండ్ వెయ్యడం కూడా మర్చిపోయాడు. అది పడ్డ చప్పుడుకి ఆమె తల ఇటు తిప్పింది.

"అన్నయ్యా, నువ్వేనా?"

ఆయన ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"వేడి చూపే ముల్లు పైకెక్కింది అన్నయ్యా. నువ్వు చెప్పినట్టే ఆగి మూత తీశాను" అంది. "నాకే సరిగ్గా తియ్యడం రాలేదనుకుంటా."

మూసుకుపోయిన ఆ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. వాటిని తుడుద్దామని ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది.