రాకడ పటంలో తాత

మా నాయనకూ చిన్నాయనకూ పొలం తగాదా లేదు. తగాదా పడటానికి అసలు పొలమే లేదు. వాళ్ల గొడవంతా ప్రభువు రాకడ గురించి, యేసు మళ్లీ ఎప్పుడు ఎట్లా వస్తాడని. పోలీసు చర్య అయిన కొన్నేళ్ల తర్వాతి మాట ఇది. నాయన వికారాబాద్‌లో మిషన్ బడి పంతులు. చిన్నాయన తాండూరులో నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. అక్కడ కొత్తగా మొదలైన ఒక క్రైస్తవ సహవాసంలో చేరి, మళ్లీ బాప్తిస్మం తీసుకుని, మాకంటే ఒక మెట్టు పైకెక్కి కూర్చున్నాడు. రైలు దిగి మా ఇంటికి వచ్చాడంటే చాలు, చెప్పులు విడవకముందే బైబిల్లోని ప్రకటన గ్రంథం మొదలు.

నాయన లెక్క సులువు. కడబూర ఒక్కటే మోగుతుంది, మంచోళ్లూ చెడ్డోళ్లూ ఒక్కసారే సమాధుల్లోంచి లేస్తారు, తీర్పు అయిపోతుంది. చిన్నాయనకు అంత తొందర పనికిరాదు. ముందు విశ్వాసులు లేస్తారు, ఆ తర్వాత ప్రభువు వెయ్యేళ్లు ఏలుతాడు, మిగతావాళ్లు అప్పటిదాకా మట్టిలోనే. ఇద్దరూ గొంతులు చించుకుంటుంటే, ప్రభువు ఎప్పుడొచ్చినా జొన్నరొట్టె మాత్రం ఇప్పుడే చల్లారిపోతోందని మా అమ్మ గొణిగేది.

ఒకసారి చిన్నాయన గుడ్డ మీద రంగులతో వేయించిన పెద్ద పటం తెచ్చి మా దండెం మీద ఆరేశాడు. ఎడమన ఏదెను తోట, నడుమ సిలువ, ఆపైన ఏడు తలల మృగం, రాకడ, వెయ్యేళ్లు, చిట్టచివర తెల్లటి సింహాసనం, దాని పక్కనే ఎర్రగా అగ్నిగుండం. మా వాడకట్టు పిల్లలంతా మృగం తలలు చూడ్డానికి ఎగబడ్డారు. నాకూ అదే నచ్చింది, దాచడమెందుకు.

నాయనమ్మకు మృగం అక్కర్లేదు. చూపు ఆనక, పటానికి ముక్కు తగిలేంత దగ్గరగా వచ్చి చిన్నకొడుకును అడిగింది.

"గిండ్ల మీ నాయన యాడున్నడు కొడుకా?"

తాత సంగతి చెప్పాలి. నవాబుపేట దగ్గరి మా ఊళ్లో ఆసామి ఇంట్లో జీతం ఉండి బతికినవాడు, కొడుకులు పసివాళ్లుగా ఉన్నప్పుడే పోయాడు. ఊరి బొందలగడ్డలో దక్షిణానికి తలపెట్టి పాతిపెట్టారు. ఆ తర్వాతే నాయనమ్మ ఇద్దరు పిల్లలతో బాప్తిస్మం తీసుకుంది. యేసు పేరు తాత చెవిన పడనే లేదు. అయినా నాయనమ్మ ఏటా వెళ్లి ఆ బొంద చుట్టూ గడ్డి పీకి వచ్చేది.

చిన్నాయన పటం మీద వేలు పెట్టాడు. అడిగింది కన్నతల్లి, దాటేయడానికి లేదు. వేలు మెల్లగా జరుపుతూ జరుపుతూ, వెయ్యేళ్లూ దాటించి తెల్ల సింహాసనం దగ్గర ఆపాడు. నాయనకు పండగైంది. ఆ పటం బైబిల్లో ఎక్కడా లేదనీ, తాత కూడా నాయనమ్మతోపాటు అదే బూరకు లేస్తాడనీ ఛాతీ విరిచి చెప్పాడు. నాయనమ్మ ఆయనవైపు తిరిగింది. లేస్తే మరి ఏ పక్కన నిలబెడతారు, మంచోళ్లుండే కుడిపక్కా, అగ్నికి పోయే ఎడమపక్కా అంది. బడి పిల్లల్ని గడగడలాడించే పంతులు తన కాలి గోళ్లు చూసుకున్నాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ అరిచింది దేనికి మరి?

నాయనమ్మ ఏడవలేదు. తను పోతే వికారాబాద్ సమాధుల తోటలో వద్దు, తాత పక్కనే, ఆయన తల ఎటుంటే తన తలా అటే పెట్టి పాతమని తేల్చి చెప్పింది. బుద్ధెరిగాక మొదటిసారి అన్నదమ్ములు ఏకమయ్యారు. విశ్వాసి పాదాలు తూర్పుకు ఉండాలి, లేవగానే తూర్పునుంచి వచ్చే ప్రభువు ఎదురుగా కనబడాలి. రెండు గుంపులకూ అది ఒక్కటే పద్ధతి. అవ్వా, నువ్వు ఇట్లా అడ్డంగా పడుకుంటానంటే ఎట్లా అని ఇద్దరూ తల్లిని బతిమాలారు.

"మీ నాయనకు ప్రభువు ఎవరో ఎరుకనా?" అంది నాయనమ్మ. "లేవంగనే బూర సప్పుడు ఇని బుగులు పడ్తడు. పక్కపొంటి నేనుంటె చెప్త. నన్ను ముందుగాల లేపితె, ఆయన లేచేదాంక ఆడ్నే కూసుంట."

దీనికి జవాబు దొరుకుతుందేమోనని ఇద్దరూ తమ తమ బైబిళ్లు తిరగేశారు.

తర్వాత ఒక వానాకాలంలో ఆమె పోయింది. మిషన్ వాళ్లు కొందరు మొహం మాడ్చుకున్నారు, తాండూరు సహవాసం నుంచి ఒక్కరూ రాలేదు. అయినా తాత పక్కనే దక్షిణానికి తలపెట్టి దించాం. నాయన ప్రార్థన చేశాడు. మట్టి వేసే ముందు చిన్నాయన వెళ్లి, పక్కనున్న పాత బొంద మీద చెయ్యి ఆనించి వంగాడు. ఆయనా ప్రార్థన చేస్తాడనుకున్నాం. చేయలేదు. లోపల తండ్రి వింటున్నట్టే మెల్లగా మాట్లాడాడు.

"నాయనా, అవ్వ ఒచ్చింది. ఆమె చెప్పినట్టు ఇను."