సూదికి పెట్టిన మారుపేరు

కోవిడ్ తగ్గిన ఏడాది జూన్‌లో, వన్ టౌన్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా ఉన్న నన్ను ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగానికి మార్చారు. సూదిపోటు తగిలిన ప్రతి ఉద్యోగి పేరూ రిజిస్టరులో రాయడం, రక్తపరీక్ష చేయించడం, అవసరమైతే మందు మొదలుపెట్టించడం నా పని. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందు వీలైనంత త్వరగా, డెబ్బై రెండు గంటలు దాటకముందే వేసుకోవాలి.

సూదిపోట్ల వల్ల ఎంత ఖర్చవుతోందో యాజమాన్యం నివేదిక అడిగింది. పరీక్షలు, మందులు, నర్సుల సెలవులు లెక్కగట్టాను. పారిశుధ్య కార్మికుల వరుసలో సున్నా వేశాను. వాళ్లెవరూ రిజిస్టరులో లేరు.

ఆ వారంలోనే పోలమ్మ వేలికి గుడ్డ చుట్టుకుని కనిపించింది. యారాడ అనే జాలర్ల ఊరి నుంచి వచ్చి ఆసుపత్రి వ్యర్థాల గదిలో కాంట్రాక్టు మీద పనిచేసేది. ఏమైందని అడిగాను.

"ముల్లు గుచ్చుకుందమ్మా," అంది.

జాలరి ఇంటి మనిషి కదా, చేప ముల్లనుకుని వదిలేశాను. మర్నాడు మధ్యాహ్నం ఆ గది ముందు నుంచి వెళ్తుంటే తోటి కార్మికురాలు గౌరి మాటలు వినిపించాయి.

"సేప ముల్లు తియ్యడం వొచ్చు గానీ, ఆసుపత్రి ముల్లు కాడ ఏలు పెట్టేత్తావేటే?"

"నోరు ముయ్యవే. సూపర్‌వైజర్ ఇంటే ఇంటికి పంపేత్తాడు," అంది పోలమ్మ.

ఆ గదిలో సూదిని ముల్లు అంటారని అప్పుడు తెలిసింది. సూది అంటే సూపర్‌వైజర్ కాగితం రాయాలి, మనిషిని పనిలోంచి ఆపాలి, జీతం కోయాలి. ముల్లుకు ఇవేవీ లేవు. పోలమ్మను పక్కకు పిలిచి అడిగితే, చేప ముల్లుకు చేసినట్టే వేలు పిండి, నోట్లో పెట్టి పీల్చి, పసుపు అద్దుకున్నానని చెప్పింది. చేయకూడనివి అవే.

గుచ్చుకుని అప్పటికి యాభై గంటలు. సూది ఉన్న చెత్త సంచి ఏ వార్డుదో తెలియదు కనుక ఆ సూది వాడిన రోగిని పరీక్షించే వీల్లేదు. ఇరవై ఎనిమిది రోజులు మందు వాడాలని చెప్పాను.

"వాంతులవుతాయంటన్నారు గదమ్మా. పనికి రాపోతే జీతం కోసేత్తారు. నానేటి తినాల?"

జీతం సంగతి నేను మాట్లాడతానన్నాను. ఆ మాట మీద ఆ సాయంత్రమే మొదటి మాత్ర వేసుకుంది.

మాట్లాడాను. కాంట్రాక్టు జీతాలు తమ పరిధిలోవి కావని పరిపాలనాధికారి అన్నారు. ముల్లని ఆమే చెప్పింది కదా అన్నాడు కాంట్రాక్టరు. మందు పడక పోలమ్మ తొమ్మిది రోజులు రాలేదు. మూడో వారంలో ఆమె స్థానంలో వేరే మనిషిని పెట్టారు. ఆరు నెలల పాటు పరీక్షలకు సొంత చార్జీలతో వచ్చింది. అన్నీ నెగెటివ్.

నివేదికలో సున్నా కొట్టేసి, ఆమె పోగొట్టుకున్న జీతం, చార్జీలు, ఉద్యోగం రాశాను. ఆసుపత్రి ఖర్చు కాదని ఆ వరుస తీసేశారు.

ఎక్కడైనా సూదిపోట్లు లేవని రాసి ఉంటే, గుచ్చుకుందని చెప్పినవాళ్లు ఏం పోగొట్టుకుంటారో ముందు అడగాలి. నా చేతిలో లేని జీతం గురించి ఆ తర్వాత నేనెవరికీ మాట ఇవ్వలేదు. అయితే ఆ రోజు ఆ మాట ఇవ్వకపోతే ఆమె మాత్ర వేసుకునేది కాదు.