మిర్చి తర్వాత పట్టిన సున్నిపిండి

మా అశోక్ నగర్ గల్లీలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఏమిటంటే, నేను సున్నిపిండి పేరుతో మలేషియాకు కారప్పొడి ఎగుమతి చేయబోయానట. పెళ్ళిళ్ళలో నలుగు పెట్టే వేళకు ఎవరో ఒకరు ఈ మాట తీస్తారు. అందరూ నవ్వి, నేనూ నవ్వుతానేమోనని చూస్తారు. నవ్వను. ఆ కథలో మిర్చి నిజమే. అది కలిపింది నేననడమే అబద్ధం.

తొంభైల మధ్య సంగతి. అప్పుడు ఎవరి నోట విన్నా ఎగుమతే. హిమాయత్‌నగర్‌లో ఒక హోటల్ హాల్లో చిన్న వ్యాపారులకు సభ పెడితే, ఎదురింటి వదిన నన్ను లాక్కెళ్ళింది. ఆమెది గోదావరి వైపు, మాది తరతరాలుగా ఈ ఊరే. చుట్టరికం లేకపోయినా పదేళ్ళుగా ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్ళం. ఇద్దరం కలిసి మా వంటింట్లో సున్నిపిండి చేసి నారాయణగూడ దుకాణాలకు వేసేవాళ్ళం. మన సౌందర్య సాధనాలకు, సబ్బులూ పౌడర్లలాంటి టాయిలెటరీలకు బయట ఎంత గిరాకీ ఉందో వేదిక మీది పెద్దలు ఊదరగొట్టారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "టాయిలెటరీ అంటే ఏంది, బకెట్లు మగ్గులు అమ్ముతరా?" అన్నాడు.

ఆ సభలోనే ఒక ఎగుమతి వ్యాపారి పరిచయమయ్యాడు. "మలేషియాలో మనవాళ్ళకు సబ్బులకేం కొదవ లేదమ్మా. పసిపిల్లకు పెట్టే నలుగుపిండే దొరకదు. నమూనా చూపించండి, నచ్చితే ప్రతి నెలా పంపుదాం" అన్నాడు. ఏమేం కలిపామో ప్యాకెట్ మీద శాస్త్రీయ నామాలతో రాయాలన్నాడు. బాటనీ డిగ్రీ పెళ్ళయ్యాక మొదటిసారి పనికొచ్చిందని నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

పెసలు, శనగపప్పు, బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, నారింజ తొక్కలు, గులాబీ రేకులు. పాళ్ళు మా అమ్మమ్మవి. పాళ్ళు ఎవరైనా నేర్చుకుంటారు, అసలు పని పిండి పట్టే గిర్నీ దగ్గర. చిక్కడపల్లి గిర్నీలో ఉన్నది ఒకటే రాయి. గోధుమలూ దాని మీదే, మిర్చీ దాని మీదే. అందుకే పొద్దున్నే తలుపు తీసేసరికి మొదటి డబ్బా నాదై ఉండేది. ముందు దోసెడు బియ్యం పోయించి, రాయి శుభ్రం చేయించి, ఆ పిండి పారేశాకే నా డబ్బా పోయించేదాన్ని. పదేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

వ్యాపారి మర్నాడే వస్తానని కబురు పెట్టాడు. గిర్నీకి వెళ్ళే వేళ దాటిపోయింది, నాకేమో బావంచాల శాస్త్రీయ నామం ఇంకా దొరకలేదు.

"నువ్వు లైబ్రరీకి వెళ్ళు వదినా, గిర్నీకి నేను వెళ్తాను. పిండి పట్టించడం కూడా బ్రహ్మవిద్యేనా?" అంది వదిన.

"బ్రహ్మవిద్యనే. మిర్చి తర్వాత మాత్రం పొయ్యనియ్యకు" అన్నాను. నవ్వింది.

రాతికి అంటిన మిర్చి కంటికి కనిపించదు. గులాబీ, కచ్చూరాల వాసన దాని ఘాటును కప్పేసింది. మర్నాడు వ్యాపారి మా ముందుగదిలో కూర్చుని కాస్త పిండి తడిపి ముంజేతికి రుద్దుకున్నాడు. కాఫీ సగం తాగేసరికి గోక్కోవడం మొదలైంది. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు. ఇక చూడాలి ఆయన గంతులు! చెంబుడు నీళ్ళు కొట్టుకుని, తువ్వాలుతో ముఖం ఒత్తుకుంటూ, "ఇది ఒంటికా అమ్మా, పులుసులోకా? ఎవరు పట్టించారు?" అన్నాడు.

నేను వదిన వైపు చూశాను. ఆమే చెబుతుందని ఆగాను. గయ్యాళినని గల్లీ అంతా పేరున్నదాన్ని, ఆ ఒక్క క్షణం మర్యాదకు పోయాను.

"గిర్నీ పని ఎప్పుడూ మా వదినదేనండి" అంది, కాఫీ గ్లాసు వైపు చూస్తూ.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎప్పుడూ నాదే, ఆ ఒక్కరోజు తప్ప.

ఆయన అటు వెళ్ళగానే నేను గిర్నీకి వెళ్ళాను. "అన్నా, నిన్న మా డబ్బ ఎప్పుడు పట్టినవ్?"

"మిర్చి అయినంక అక్కా. జర ఆగుండ్రి, బియ్యం పోసి రాయి సాఫ్ జేస్త అన్న. 'ఏం కాదులేవయ్యా, కానియ్' అన్నదామె."

తిన్నగా ఆమె గుమ్మంలోకే వెళ్ళాను. "ఏంది వదినా, నోట్ల నాలిక లేకుండె?"

"ఆయన ముందు నా పరువేం కాను? అయినా నేను అబద్ధం చెప్పానా?"

"చెప్పలే. గందుకే మండుతున్నది."

"నీకు అన్నిటికీ వాదనే" అని తలుపు వేసుకుంది.

దసరా వెళ్ళేసరికి ఆమె తమ్ముడి కంపెనీ పేరుతో మలేషియాకు ప్యాకెట్లు వెళ్ళాయి. పాళ్ళు మా అమ్మమ్మవే. పేర్ల పట్టీ నేను లైబ్రరీలో రాసుకొచ్చిందే. నేను పొరపాటున రెండుసార్లు రాసిన పేరు అందులోనూ రెండుసార్లే ఉంది. పిండి పాడుచేసినావిడను తప్పించామని వ్యాపారికి చెప్పారట.

రెండేళ్ళకు వదిన కూతురు పురుడు పోసుకుంది. పదకొండో రోజు వెళ్ళాక ఒక సాయంత్రం వదినే స్టీలు డబ్బాతో మా మెట్లెక్కింది. "పాప ఒంటికి నువ్వు పట్టించిందే కావాలి వదినా" అంది.

"మీ కంపెనీది ఏమైంది? సముద్రాలు దాటుతున్నదట గదా" అన్నాను. డబ్బా నా ముందు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే గిర్నీలో మొదటి డబ్బా నాదే. రాయి శుభ్రం చేయించి, పట్టించి, చేతికిచ్చాను. పసిదేం చేసింది?

మలేషియా పోతే పోయింది. మనవరాలి ఒంటికి నా చేతి పిండి తప్ప పనికిరాదనుకున్న మనిషి, ఆ రోజు ఆ పరాయివాడి ముందు 'ఈ ఒక్కసారి నేను వెళ్ళానండి' అని ఎందుకు అనలేకపోయింది?