వేపచెట్టు మీద మంచె

మొన్న చిలకలూరిపేట దాటాక హైవే పక్కన టీ తాగుదామని ఆగితే, కొత్తగా కట్టిన హోటలు ముందు సిమెంటుతో చేసిన చెట్టొకటి, దాని మీద పిల్లలెక్కడానికి చెక్క ఇల్లొకటి కనిపించాయి. ఎవరో అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు అందులో ఇరుక్కుని కూర్చుని ఫోనులోకి చూస్తూ పళ్లికిలిస్తున్నారు. మా ఆయన మనమూ ఎక్కుదామా అన్నాడు. నేను టీ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లి బండి మీద కూర్చున్నాను. ఏమైందో అర్థంకాక ఆయన డబ్బులిచ్చి నా వెనకే వచ్చాడు పాపం. చెట్టు మీద ఇల్లు చూస్తే అందరికీ ముచ్చటేస్తుందేమో గానీ నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. మీ ఇంటి గోడకు అవతల కూడా ఒక పెదనాన్నో బాబాయో ఉండే ఉంటాడు కాబట్టి, చెబితే మీకే అర్థమవుతుంది.

మాది రేకుల ఇల్లు. శివరాత్రి వెళ్లిందంటే చాలు, మధ్యాహ్నం పూట లోపల కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టే ఉండేది. మమ్మల్ని కాపాడింది పెరట్లో పడమటి వైపున్న వేపచెట్టు. పొద్దు తిరిగాక దాని నీడ మెల్లగా జరుగుతూ వచ్చి రేకుల మీద పరుచుకునేది, అప్పుడు అమ్మ చాప వేసేది, మేం నిద్రపోయేవాళ్లం. ఆ చెట్టుకు అవతల మా పెదనాన్న డాబా. పొద్దున పూట ఆ చెట్టు నీడే ఆయన డాబా మీద పడేది. కౌలు చేలో కాసిన మిరపకాయలు ఆయన అక్కడే ఎండబెట్టుకునేవాడు. వేప ఆకు రాలే కాలం, కాయ ఎండే కాలం ఒకటే కావడంతో రోజూ ఉదయం పెద్దమ్మ కాయల్లోంచి ఆకులేరుతూ మా వైపు తిరిగి తిట్టేది. నీడకు కాయ తెల్లబడి తాలైపోతోందని పెదనాన్న అరిచేవాడు. ఆ మాట అబద్ధం కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను గానీ అప్పుడు మా ఇంట్లో ఎవరం ఒప్పుకోలేదు.

స్థలం తాతది, పంచుకోలేదు. అందుకని ఆ చెట్టు ఎవరిదంటే ఇద్దరిదీ. ఒకరోజు పెదనాన్న గోడ దగ్గరకొచ్చి, వచ్చే వారం మిషను రంపం వాడిని పిలుస్తున్నానని చెప్పి వెళ్లాడు. నాన్న ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే లేచి, చెట్టు మీద మంచె కడుతున్నాం అన్నాడు.

"మనుషులున్న చెట్టు మీద రంపం ఎవడు పెడతాడో నేనూ చూస్తా."

మా నాన్న మంచెలు కట్టడంలో గట్టివాడు. జొన్న చేలకు కాపలా మంచె కావాలంటే చుట్టుపక్కల నాలుగూళ్ల వాళ్లు ఆయన్నే పిలిచేవాళ్లు. చీరాల వైపు నుంచి పొడవాటి సరుగుడు బాదులు తెచ్చాడు. నేను, అమ్మ, నాన్న, ముగ్గురం వారం రోజులు ఆ చెట్టు కిందే ఉన్నాం. కుటుంబమంతా కలిసి పని చేస్తే ప్రేమలు పెరుగుతాయంటారు, మాకు అరుపులే పెరిగాయి. నాన్న కొమ్మ మీద నుంచి తాడు వదలమంటే అమ్మ బిగించేది, బిగించమంటే నేను వదిలేసేదాన్ని.

"నీకు చెవులా, చిల్లులా?" అని నాన్న పైనుంచి.

"పైనెక్కి కూర్చుని కలెక్టరు లాగా చెప్పడం కాదు, కిందికి దిగి నువ్వు పట్టుకో!" అని అమ్మ కిందనుంచి.

గోడ అవతల పెద్దమ్మ ఇదంతా విని పకపకా నవ్వేది. అంతే, అమ్మ తాడు ఇంకా గట్టిగా లాగేది. మేం ప్రేమతో కట్టలేదు ఆ మంచెను, ఆ నవ్వు మీద కసితో కట్టాం.

బాదుల మీద పత్తి కట్టె అల్లి నేల చేశాం. అది గుచ్చుకుంటుందని అమ్మ మిరప గోతాలు తెచ్చి విప్పి, దబ్బనంతో పురికొస పెట్టి ఒకదానికొకటి కుట్టింది. నేలకు రెండు వరసలు, మూడు వైపులా గోడలకు ఒక్కో వరస. అమ్మ కోల్డ్ స్టోరేజీలో కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. అక్కడ పని చేసినవాళ్లకు మొదటి వారమే తుమ్ములు, ఆ తర్వాత ముక్కు మొద్దుబారిపోతుంది. మా ఇంట్లో మేం అలాంటి గోతాలే చాప మీద పరుచుకునేవాళ్లం, అవే కప్పుకునేవాళ్లం. ఉతకాలనే ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. బయటివాళ్లెవరైనా ఒక్కసారి ఆ మంచె ఎక్కి ఉంటే ఆ ఘాటు సంగతి గంటలో చెప్పేవాళ్లు. కానీ మేం ఎవర్నీ ఎక్కనివ్వలేదు.

ఎక్కడానికి ఒక మనిషి వచ్చింది. పెదనాన్న కూతురు, నాకంటే ఆరు నెలలు పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒకే బడి, ఒకే బెంచీ, జడలు కూడా ఒకరికొకరం వేసుకునేవాళ్లం. శనివారం, రంపం వాడు ఇంకా రాకముందే, మంచె పూర్తయిందని తెలిసి, గోడ దూకి వచ్చి నిచ్చెన దగ్గర నిలబడింది. నేను పైనుంచి నిచ్చెన లాగేసుకున్నాను.

"మీ నాన్న కొట్టేస్తానన్న చెట్టు కదే, నీకెందుకు?" అన్నాను.

అక్క పైకి చూసి, మళ్లీ గోడ దూకి వెళ్లిపోయింది. కిందున్న నాన్న నా వైపు చూసి మీసం తిప్పాడు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, ఇప్పుడు తలుచుకుంటే అంత సిగ్గేస్తుంది.

మర్నాడు ఆదివారం. సాయంత్రం పెదనాన్న ఇంటి ముందు ప్రార్థన కూటం పెట్టారు, పాస్టరు గారొచ్చారు, సంఘం వాళ్లంతా పట్టాల మీద కూర్చున్నారు. మా నాయనమ్మ ఆ నెల వాళ్లింట్లో ఉంటోంది, ముందు వరసలో మంచం మీద ఆవిడ. మేం కూటానికి వెళ్లలేదు. వాళ్ల పాటలు మాకు వినపడకుండా చేయాలని నేను మంచె మీద గంతులు వేయడం మొదలుపెట్టాను, నాన్న కూడా ఎక్కి గోతాలను దులిపి సర్దాడు. సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి తిరిగి, గోతాల్లోని కారపు దుమ్మంతా గోడ దాటింది.

మొదట ఒక తుమ్ము, తర్వాత పది, ఆ తర్వాత కూటమంతా దగ్గే. పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఆపి కళ్లు తుడుచుకుంటూ లేచారు. నాకు నవ్వొచ్చింది. కానీ నాయనమ్మ దగ్గు ఆగలేదు, ఊపిరందక ఆవిడ మంచం పట్టె పట్టుకుని ఒంగిపోతుంటే పెదనాన్న ఎత్తుకుని ఆటోలో పడేసి పేట ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండు రోజులకు ఆవిడ తిరిగొచ్చింది గానీ, అప్పటికే ఊరంతా మాట పాకిపోయింది, చిన్నవాడు, అంటే మా నాన్న, కావాలని కారం చల్లాడని.

పెదనాన్న మా వాకిట్లోకొచ్చి అరిచాడు. "అమ్మను చంపుదామని చూశావు గదరా!"

"నీకూ నాకూ ఒకతే అమ్మ గదన్నా, కావాలని చేస్తానా? మాకు ఘాటు తెలియలేదు."

"మిరపకాయల్లో పుట్టి మిరపకాయల్లో పెరిగినోడికి ఘాటు తెలియలేదంట! ఇనండయ్యా!"

పోగైన జనం నవ్వారు. నాన్న చెప్పింది నిజం, కానీ మా ఊళ్లో ఎవరికి చెప్పినా నమ్మే నిజం కాదు అది. చివరికి నాన్న పెదనాన్నను పక్కకు నెట్టి వాళ్లింట్లోకి వెళ్లి, నాయనమ్మ మంచం దగ్గర కూర్చున్నాడు. నేను వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"అమ్మా, నువ్వు చెప్పు. నేను కావాలని చేశానా?"

నాయనమ్మ ఆయన వైపు చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. "ఏమోరా," అంది.

ఆ ఒక్క మాటకు నాన్న మొహం ఎలా అయిందో నేను చూశాను. మర్నాడు తెల్లవారగానే ఆయనే మంచె విప్పాడు. ముందు గోతాలు, తర్వాత పత్తి కట్టె, తర్వాత బాదులు, కట్టిన వరసకు వెనకనుంచి. కిందికి వదిలినవి అమ్మా నేనూ అందుకున్నాం, ఈసారి ఎవరం అరవలేదు. అంతా దించాక ఆయన రంపం తెచ్చి చెట్టు మొదట్లో పెట్టాడు. అమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుంటే విదిలించాడు.

రంపం చప్పుడు విని పెదనాన్న పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, పిచ్చా నీకు? ఆపరా!"

"ఎండబెట్టుకో అన్నా, ఇక నీ డాబా నిండా ఎండే," అన్నాడు నాన్న తలెత్తకుండా.

ఆ వేసవంతా అమ్మ గోతాలు తడిపి రేకుల మీద పరిచేది, ఆరిపోయేవి, మళ్లీ తడిపేది. మధ్యాహ్నాలు మేం చర్చి వరండాలో గడిపాం. మా నీడను మా చేత్తోనే తీసేసుకున్నామని అమ్మ ఒక్కరోజు కూడా నాన్నతో అనలేదు. ఆవిడ బదులు నేను ఇప్పటికీ మనసులో అంటూనే ఉంటాను, ఆయనతోనూ పెదనాన్నతోనూ.

నాయనమ్మ పోయాక అన్నదమ్ములు కలిసిపోయారు. ఎలా కలిసిపోయారో, ఎవరు ముందు పలకరించారో మాకు ఎవరూ చెప్పలేదు. మాకిప్పుడు స్లాబు ఇల్లుంది, లోపల ఏసీ కూడా ఉంది. మధ్యాహ్నం పెదనాన్న వచ్చి ఆ చల్లదనంలోనే నాన్న పక్కన పడుకుని కునుకు తీస్తాడు. మధ్యలో ఇద్దరూ లేచి నిమ్మకాయ నీళ్లు తాగి, పత్తి రేటు గురించి మాట్లాడుకుంటారు. చెట్టు మాట ఎత్తరు. వాళ్లకది అయిపోయింది.

అక్కను సింగరాయకొండలో ఇచ్చారు. పోయిన నెల ఆమె పుట్టింటికొచ్చినప్పుడు నేనూ మా అమ్మ దగ్గరే ఉన్నాను, గేటు దగ్గర ఎదురుపడ్డాం. ఆమె చంకలో పాప ఉంది, పాపకు జడలు వేసేంత జుట్టుంది. పాప పేరేంటని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆమె కూడా ఏదో అడిగేలాగే నిలబడింది. తర్వాత ఇద్దరం తలలు తిప్పుకుని ఎవరి ఇంట్లోకి వాళ్లం వెళ్లిపోయాం. లోపల నాన్న, పెదనాన్న ఒకే మంచం మీద గురకపెడుతున్నారు.