మిల్లులో రెండోసారి

మంటల్లోకి వెళ్లడానికి ఎన్నడూ వెనుకాడని ఆ ఫైర్‌మన్‌కు నలుగురిలో నోరు విప్పాలంటే మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి. స్టేషన్‌లో అందరూ మూగన్న అనేవారు. అతనూ నవ్వి ఊరుకునేవాడు.

అలాంటివాణ్ణి ఆఫీసరు బట్టల మిల్లుకు పంపాడు, నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో కార్మికులకు చెప్పి రమ్మని. మైకు ముందు "అందరికీ..." అన్నాడు. ఆపైన మాట పెగల్లేదు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసలన్నిటికీ పాకింది. తల దించుకుని దిగి వచ్చేశాడు.

"వచ్చే నెల మళ్లీ నువ్వే వెళ్తావు" అన్నాడు ఆఫీసరు. నాలుగు తిట్లు తిట్టినా ఇంతకంటే నయమనిపించింది.

అతని అక్క కూరగాయల మార్కెట్‌లో అరిచి అమ్మే మనిషి. సంగతి విని, "రేపట్నుంచి నా కొట్టు దగ్గరికి రా" అంది.

"వచ్చి ఏం చెయ్యనక్కా?"

"టమాటాలు అమ్మరా."

మొదటిరోజు అతని కేక పక్క కొట్టుకు కూడా వినపడలేదు.

"ఎవరికి చెప్తున్నావురా, టమాటాలకా? ఆ పచ్చసంచీ ఆవిడ మొహం చూసి చెప్పు. తర్వాత ఆ గొడుగాయనకి. గుంపు సంగతి నీకెందుకు?"

డ్యూటీ లేని ప్రతి ఉదయమూ వెళ్లాడు. గొంతు బొంగురుపోయింది, తెలిసినవాళ్లు ఆగి మరీ నవ్వారు, అయినా మానలేదు. ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా నిలబడి మిల్లులో చెప్పాల్సింది చెప్పేవాడు. "ఎవరో తరుముతున్నట్టు ఆ పరుగేంటి? నాకే అర్థం కాలేదు" అంటూ ఆమె మళ్లీ మొదట్నుంచి చెప్పించేది.

ఆ రోజు రానే వచ్చింది. అదే హాలు, అవే మొహాలు. ముందు వరసలో మేనేజరు. కిటికీ పక్కనున్న పెద్దాయన్ని చూసి మొదలుపెట్టాడు. ఆయన తలూపాడు. మరో మొహం, మరో మాట. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అంతా అయిపోయిందనుకుంటుండగా నూలు చుట్టే అమ్మాయి లేచింది. "వెనక తలుపుకి తాళం వేసుంటే ఎలా వెళ్లాలండీ?"

మేనేజరు అతనివైపే గుచ్చి చూస్తున్నాడు. ఇది ఇంట్లో చెప్పుకున్న మాటల్లో లేదు. చూసుకుంటామని తప్పించుకుంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"వెళ్లలేరమ్మా" అన్నాడు. "పొగ కమ్మితే తాళంచెవి ఎవరికీ దొరకదు. మనుషులు లోపలుండగా ఆ తలుపుకి తాళం వెయ్యకూడదు."

"దొంగతనాలు జరుగుతున్నాయి, ఏం చెయ్యమంటారు?" అన్నాడు మేనేజరు.

"కాపలా పెట్టండి సార్. తాళం మాత్రం తియ్యాల్సిందే. పదండి, ఇప్పుడే చూద్దాం."

మైకు పక్కన పెట్టి నడిచాడు. అతని వెనకే హాలంతా కదిలింది. ఇంతమంది కళ్లెదుట కాదనలేక మేనేజరు తాళంచెవి తెప్పించాడు. తుప్పుపట్టిన తాళం ఓ పట్టాన రాలేదు. చివరికి ఊడింది. తలుపు తోసేసరికి బయటి గాలి రివ్వున లోపలికి కొట్టింది.

అప్పుడుగానీ అతనికి కాళ్లలో సత్తువ లేదని తెలియలేదు. ఆ గడప మీదే కూలబడిపోయాడు.