మెట్ల కింద పాప

యుద్ధంలో బతికి బయటపడ్డ ఒకావిడ తన చిన్నతనాన్ని బొమ్మలుగా గీసుకున్న పుస్తకం చదివాను. పొద్దున అందులోని ఒక బొమ్మ స్టేటస్‌లో పెట్టాను. మెట్ల కింద నక్కిన పాప, పక్కన "అమ్మ ఇంకా రాలేదు" అన్న మాట. సూపర్‌లు, లవ్ గుర్తులు చాలానే వచ్చాయి.

సాయంత్రం నెల్లికుదురు నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. కళ్లద్దాలు లేకుండా చూసి, తప్పిపోయిన పిల్ల అనుకుని ఊరి గ్రూపులన్నిటికీ పంపిందట.

"వాళ్లమ్మ దొరికిందా బిడ్డా? పొద్దటి సంది పానం కొట్టుకుంటాంది."

"అది పుస్తకంల బొమ్మ అత్తమ్మా. ఎప్పటిదో యుద్ధం."

"ఎప్పటిదైతేంది? తల్లి దొరికిందా, లేదా?"

దొరకలేదని చివరి పేజీలో ఉంది. "దేవులాడుతున్నరు" అన్నాను.

రేపు మళ్లీ అడుగుతుంది. దొరికిందని చెప్పమంటారా?