ఉత్త ఏడుపు

కోస్గి చుట్టుపక్కల ఎవరు పోయినా కురుమ గుర్వమ్మకు కబురొచ్చేది. ఆమె పీనుగు పక్కన కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, పోయిన మనిషి ఏది ఇష్టంగా తినేదో, ఎవరిని ఏమని పిలిచేదో రాగం కట్టి ఏడ్చేది. అప్పటిదాకా కన్నబిడ్డలకు రాని నీళ్లు కూడా అప్పుడొచ్చేవి.

“గుర్వమ్మ శోకం పెడితె సచ్చినోడు గూడ లేసి ఇంటడు” అనేవాళ్లు ఆడవాళ్లు. వయసులో ఉన్నప్పుడు ఆ మాటకు సిగ్గుపడేది. తర్వాత తర్వాత ఆ మాట కోసం కాసేపు ఆగేది.

ఎనభై ఆరులో, కరువొచ్చిన ఏడు, మెహమూద్ కోస్గి బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణం పెట్టాడు. ఒక పటేలు తల్లి చావులో గుర్వమ్మ ఏడుపు టేపు చేశాడు. అది చాయ్ హోటళ్లలో మోగింది. బస్సులో ముక్కూ మొహం తెలియని మగవాళ్లు లేచి ఆమెకు సీటిచ్చారు. గొర్లు కాసే ఇంటి ఆడమనిషికి అంతకుముందు ఎవరూ సీటిచ్చిన పాపాన పోలేదు. ఆమె మురిసిపోతే తప్పు పట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

కాకపోతే అప్పటినుంచి ముఖం మీది కొంగు కొంచెం పక్కకు జరిగింది. ఏడుస్తూనే, ఎవరెవరు కళ్లు తుడుచుకుంటున్నారో ఒక కంట చూసేది. తోడికోడలు అండాలు అది పట్టేసింది.

“అక్కా, ఏడుస్తున్నవా, ఓట్లు లెక్కవెడుతున్నవా?”

“రాగం రానిదానికి కుళ్లెక్కువ. పోవే” అని నవ్వింది గుర్వమ్మ.

ఆమె భర్త పర్వతాలు ఆ క్యాసెట్టు ఎన్నడూ వినలేదు. మందతో తిరిగే మనిషి, మాట తక్కువ. పచ్చకామెర్లు ముదిరి, దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నాక, గంజి తాగిస్తున్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“గుర్వీ, నేను వోతే గట్ల ఏడ్వకు.”

“ఎట్ల?”

“రాగం దీసి. నాకు ఉత్తగ ఏడువు. మన పెద్ద పొట్టేలు సచ్చిననాడు దొడ్డెనక కూసోని ఏడ్సినవు సూడు, గట్ల.”

“ఏం మాటలు గవి? పండుకో జర.”

ఆయన చెయ్యి వదల్లేదు. “సరె, గట్లనే ఏడుస్త” అని మాటిచ్చింది.

పర్వతాలు పోయిన రోజు జనం వాకిట్లో పట్టలేదు. పక్క ఊళ్లవాళ్లూ వచ్చారు. వాళ్లొచ్చింది ఆయన కోసం కాదని అందరికీ తెలుసు. మెహమూద్ టేపురికార్డరు చంకలో పెట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

“అక్కా, నువ్వు వద్దంటె వోత.”

గుర్వమ్మ మొగుడి పాదాల దగ్గర తల వంచుకుని కూర్చుంది. కళ్లవెంట నీళ్లు చప్పుడు లేకుండా కారుతున్నాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటోంది.

జనం ఎదురుచూశారు. వెనక నుంచి ఒకామె గొణిగింది.

“ఊరోళ్ల పీనుగులకు లేసే గొంతు మొగనికి లేస్తలేదేందే?”

“మొగనిమీద పాయిరం ఉంటె గద!”

గుర్వమ్మ తలెత్తింది. మెహమూద్ వైపు చూసి, టేపు పెట్టమన్నట్టు గడ్డం ఊపింది.

ఆ రోజు ఏడ్చినట్టు ఆమె ఎన్నడూ ఏడవలేదు. మగవాళ్లు గోడ చాటుకు పోయారు. వెక్కిరించే అండాలే సొమ్మసిల్లింది.

నెల తిరక్కముందే ఆ క్యాసెట్టు మక్తల్ దాకా పోయింది. ఒకనాడు కోస్గి సంతలో ఉల్లిగడ్డలు ఏరుతుంటే హోటల్లోంచి తన గొంతే వినబడింది.

“మెల్లగ ఏడ్వకు, ఊరూ వాడా ఇనేటట్టు ఏడువుమంటివి గద నా దొరా...”

చేతిలోని ఉల్లిగడ్డలు జారిపోయాయి. ఆ మాట ఆయనది కాదు. రాగంలో అతుకుతుందని తనే కట్టింది.

“అబ్బ! పోయేటోడు ఏం కోరిండు!” అంటున్నాడు హోటల్లో ఎవరో.

ఇక ఆయన నిజంగా అన్న మాట తలచుకోబోయినప్పుడల్లా ఆయన గొంతు రాలేదు. క్యాసెట్టులోని తన గొంతే వచ్చింది.

ఒక మధ్యాహ్నం మంద మేతకు పోయాక, ఆమె దొడ్డి వెనక్కి వెళ్లి కూర్చుంది. గొర్రెపిల్లలు తప్ప అక్కడ ఎవరూ లేరు. నోట్లో కొంగు కుక్కుకుని ఉత్తగా ఏడవబోయింది. నీళ్లు వచ్చాయి. వాటి వెంటే రాగమూ వచ్చింది. కొంగు పళ్లతో కొరికింది. రాగం ముక్కులోంచి వచ్చింది.

గొర్రెపిల్లలు గంతులు ఆపి తలలెత్తి చూశాయి.

అవి వింటున్నాయని గుర్వమ్మ కనిపెట్టింది. నోట్లోని కొంగు దానంతటదే జారింది. గొంతు ఇంకొంచెం లేచింది.